హంద్రీ నీటిలో చేప: హార్మోన్ కాలుష్యకారకాల పరీక్షకు ఏ పద్ధతిని ఎంచుకోవాలి?

కర్నూలు నగరం వాడి వదిలిన నీరు హంద్రీలోకి చేరుతుంది. హంద్రీ ఊరి అంచున తుంగభద్రలో కలుస్తుంది, తుంగభద్ర కృష్ణలో కలిసి శ్రీశైలం జలాశయంలో నిలుస్తుంది. ఈ దారి పొడవునా వల వేసి బతికేవారున్నారు, ఆ చేపను కొని ఇంట్లో వండుకునేవారున్నారు. అందుకే మత్స్యశాస్త్రమో జంతుశాస్త్రమో చదివి పరిశోధనకు సిద్ధమైన విద్యార్థి ఎవరైనా ‘ఈ నీటిలోని హార్మోన్లు చేపలో ఎంత పేరుకుంటున్నాయో పరీక్షించాలనుకుంటున్నాను, ఏ పద్ధతి మంచిది?’ అని అడిగితే నాకు సంతోషంగా ఉంటుంది, కొంత భయమూ కలుగుతుంది. పద్ధతిని తప్పుగా ఎంచుకుంటే రెండేళ్ల శ్రమ తరువాత చేతిలో మిగిలేది ‘కనబడలేదు’ అన్న ఒక్క మాటే కావచ్చు. ఆ మాటను పట్టుకొని నీరు శుభ్రంగా ఉందని ఎవరైనా అనుకుంటే అంతకంటే పెద్ద నష్టం లేదు.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. మన ప్రాంతపు కళాశాలలకున్న వసతులతో ఈ పని చేయదలచినవారికి నదిలో పంజరంలో ఉంచిన బంగారుతీగ మగచేప, దాని పైత్యరసం, దాని నెత్తురు అన్నింటికంటే నమ్మదగిన దారి. మిగిలిన పద్ధతులకు వాటి వాటి చోటు ఉంది. అది ఎక్కడో, ఎందుకో ఇక్కడ వివరిస్తాను.

ముందు ప్రశ్న ఏమిటో తేల్చుకోవాలి

‘హార్మోన్ కాలుష్యం’ అన్న ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి పోలిక లేని పదార్థాలు ఉన్నాయి. ఈస్ట్రోన్, ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్లు, అంటే స్త్రీ హార్మోన్లు, మనుషుల, పశువుల మూత్రంతో సహజంగా నీటిలోకి వస్తాయి. ఇథైనైల్ ఈస్ట్రడయాల్ గర్భనిరోధక మాత్రలలో వాడే కృత్రిమ హార్మోన్. నానైల్‌ఫినాల్ కొన్ని రకాల డిటర్జెంట్లు విచ్ఛిన్నమైనప్పుడు మిగిలేది. బిస్‌ఫినాల్ ఏ ప్లాస్టిక్‌కు, డబ్బాల లోపలి పూతకు సంబంధించినది. చివరి రెండూ హార్మోన్లు కావు గాని, చేప శరీరంలో ఈస్ట్రోజెన్ వేషం వేస్తాయి.

వీటిలో ఏది కొవ్వులోకి ఎంతగా చేరగలదో అంచనా వేయడానికి రసాయనశాస్త్రజ్ఞులు ఆక్టనాల్ అనే ద్రవంలోనూ నీటిలోనూ ఆ పదార్థం ఎలా పంచుకుంటుందో చూసి, ఆ నిష్పత్తిని లాగరిథమ్‌లో చెబుతారు. ఈస్ట్రడయాల్‌కు అది సుమారు 4, అంటే నీటిలో ఒక పాలు ఉంటే ఆక్టనాల్‌లో పదివేల పాళ్లు ఉంటుంది. బిస్‌ఫినాల్ ఏకు సుమారు 3.4, నానైల్‌ఫినాల్‌కు 4.5 పైన. ఈ అంకెలు చూసి చాలామంది, ఈస్ట్రడయాల్ కూడా డీడీటీ అనే పురుగుమందు వలె కండలో ఏళ్ల తరబడి కూర్చుంటుందని అనుకుంటారు. అలా జరగదు. చేప కాలేయం ఈ హార్మోన్లను పట్టుకొని గ్లూకురోనిక్ ఆమ్లంతోనో సల్ఫేట్‌తోనో జోడించి పైత్యరసంలోకి పంపేస్తుంది. అందువల్ల కండలో దొరికేది కొద్దిపాటే ఉంటుంది, పైత్యరసంలో మాత్రం చుట్టూ ఉన్న నీటితో పోలిస్తే వేల రెట్లు దొరకవచ్చు. ఈ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే సగం తప్పులు తప్పిపోతాయి.

కాబట్టి మీ ప్రశ్న ఈ మూడింటిలో ఏదో తేల్చుకోండి: నీటిలో ఎంత ఉంది? చేపలోకి ఎంత చేరింది? చేరినది చేపను ఏం చేసింది? మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును మూడో ప్రశ్నకు జవాబుగా రాసిన నివేదికలు నేను చాలా చూశాను. నిజానికి ఈ మూడింటికీ వేర్వేరు పరీక్షలు కావాలి.

తొట్టిలో చేసే ప్రామాణిక పరీక్ష

అంతర్జాతీయంగా అందరూ ఒప్పుకునే పద్ధతి ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) 305వ మార్గదర్శకం. ఇప్పుడు వాడుకలో ఉన్న దాని రూపం 2012లో వచ్చింది. ఇందులో చేపలను నిర్ణీత సాంద్రత గల నీటిలో సాధారణంగా 28 రోజులు ఉంచి, ఆ తరువాత శుభ్రమైన నీటిలోకి మార్చి, మొదటి దశలో ఎంత వేగంగా పదార్థం లోపలికి వచ్చిందో, రెండో దశలో ఎంత వేగంగా బయటికి పోయిందో కొలుస్తారు. నిలకడకు వచ్చాక చేపలోని సాంద్రతను నీటిలోని సాంద్రతతో భాగిస్తే వచ్చేదే బీసీఎఫ్ (బయోకాన్సన్‌ట్రేషన్ ఫ్యాక్టర్). ఉదాహరణకు నీటిలో లీటరుకు 10 నానోగ్రాములు, చేపలో గ్రాముకు 5 నానోగ్రాములు, అంటే కిలోకు 5,000 నానోగ్రాములు ఉన్నాయనుకుంటే బీసీఎఫ్ 500 అవుతుంది. అయితే ఆ చేపలో కొవ్వు 2.5 శాతమే ఉంటే, ఈ మార్గదర్శకం ప్రకారం 5 శాతం కొవ్వుకు సరిచేసి 1,000 అని చెప్పాలి. బక్కచేపనూ బలిసిన చేపనూ ఒకే తూకంలో చూడడానికి ఈ సవరణ అవసరం. ఐరోపా సమాఖ్య నియమాలలో బీసీఎఫ్ 2,000 దాటిన పదార్థాన్ని జీవులలో పేరుకునేదిగా, 5,000 దాటినదాన్ని మరీ ఎక్కువగా పేరుకునేదిగా లెక్కిస్తారు.

ఈ పద్ధతి గొప్పతనం దాని స్పష్టతలో ఉంది. నీటిలో ఏముందో మీరే వేశారు కాబట్టి అనుమానానికి తావు లేదు. బయటికి పోయే వేగం రోజుకు 0.1 అని తేలితే, సగం తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుందనీ, నిలకడ స్థితిలో 95 శాతానికి చేరడానికి సుమారు 30 రోజులు కావాలనీ అక్కడికక్కడే లెక్క కట్టవచ్చు.

కాని నీటి లెక్క చూడండి. ఒక్కో తొట్టిలో 3 గ్రాముల పిల్లలు 40 వేస్తే మొత్తం 120 గ్రాముల చేప. లీటరు నీటికి రోజుకు ఒక గ్రాము చేపకు మించకూడదని నియమం. అంటే తొట్టికి రోజుకు కనీసం 120 లీటర్లు పారాలి. 28 రోజులకు 3,360 లీటర్లు; రెండు సాంద్రతలకు, ఒక కంట్రోల్‌కు (పోలిక కోసం పదార్థం కలపకుండా ఉంచే తొట్టికి) కలిపి మూడు తొట్టెలకు పదివేల లీటర్లు దాటుతుంది. ఇది శుభ్రపరిచే దశను కలపకుండా కట్టిన లెక్క. వేసవిలో నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లో ఇది తేలికైన విషయం కాదు. పైగా కుళాయి నీటిలోని క్లోరిన్ చేపకు హాని చేయడమే కాకుండా ఈస్ట్రోజెన్లతో చర్య జరిపి వాటిని మార్చివేస్తుంది. క్లోరిన్ తీసేయని నీటితో చేసిన ప్రయోగంలో మీరు వేసిన సాంద్రత ఒకటి, చేపకు అందినది మరొకటి అవుతుంది. కరెంటు పోయినా పంపు ఆగకూడదు, నీటి ఉష్ణోగ్రత రెండు డిగ్రీలకు మించి అటూ ఇటూ కాకూడదు, కరిగిన ఆక్సిజన్ 60 శాతం కంటే తగ్గకూడదు.

కాబట్టి ఒక కొత్త పదార్థానికి బీసీఎఫ్ తేల్చడమే మీ పని అయితే, అందుకు తగిన తొట్టెల ఏర్పాటు ఉన్న సంస్థతో కలిసి ఈ పరీక్ష చేయండి. హంద్రీ నీటి గురించి తెలుసుకోవడమే మీ ఉద్దేశమైతే దీని జోలికి పోవద్దు. నదిలో ఒకే పదార్థం ఒకే సాంద్రతలో ఎప్పుడూ ఉండదు.

ఇదే మార్గదర్శకంలో మేత ద్వారా చేసే పరీక్ష కూడా ఉంది. నీటిలో సరిగా కరగని, పైన చెప్పిన లాగరిథమ్ విలువ 5 దాటిన పదార్థాలకు అది తగినది. నీటి ఖర్చు తక్కువ గాని, వచ్చే అంకె బీసీఎఫ్ కాదు, మేత నుంచి చేపలోకి ఎంత చేరిందన్న వేరే నిష్పత్తి. సహజ ఈస్ట్రోజెన్లకు దీని అవసరం లేదు. నానైల్‌ఫినాల్ వంటి సరిహద్దు పదార్థాలకు ఆలోచించవచ్చు.

నదిలో పట్టిన చేపనా, పంజరంలో పెట్టిన చేపనా?

ఇక్కడే అసలైన ఎంపిక ఉంది. వలలో పడిన చేపను నేరుగా పరీక్షించడం తేలిక, జనం తినేది కూడా అదే. ఆహార భద్రత గురించి మాట్లాడాలంటే ఆ చేపనే పరీక్షించాలి, అందులో రెండో మాట లేదు. కాని అది ఎంత కాలంగా ఆ నీటిలో ఉంది, సుంకేసుల బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు పైనుంచి కొట్టుకువచ్చిందా, దాని వయసెంత అన్నవి మనకు తెలియవు. వానకాలంలో తుంగభద్ర పొంగినప్పుడు చేప ఎక్కడి నుంచి ఎక్కడికైనా పోతుంది. ఎండాకాలంలో మడుగుల్లో చిక్కుకున్న చేప మాత్రం ఆ మడుగు నీటిలోనే ఉండి, అందులోని పురుగునే తిని బతుకుతుంది కాబట్టి, వలచేపను ఎంచుకునేవారు ఏప్రిల్, మే నెలల్లో మడుగుల్లోని చేపనే తీసుకోవడం మంచిది.

ముఖ్యంగా తిలాపియాతో జాగ్రత్త. పెంపకానికి అన్నీ మగపిల్లలే కావాలని హేచరీల్లో పిల్ల దశలోనే మిథైల్ టెస్టోస్టెరాన్ కలిపిన మేత పెట్టడం ప్రపంచంలో చాలాచోట్ల ఉన్న పద్ధతి. అలా వచ్చిన చేపలో హార్మోన్ ప్రభావం కనిపిస్తే అది నది వల్లనా, హేచరీ వల్లనా అన్నది ఎవరూ తేల్చలేరు. దొరకడం సులువని దీన్ని ఎంచుకోవద్దు.

పంజరపు చేప విషయంలో ఈ అనుమానాలు ఉండవు. ఒకే గుంపు నుంచి, ఒకే వయసు, ఒకే పరిమాణం గల చేపలను తీసుకొని, రెండు వారాలు శుభ్రమైన నీటిలో అలవాటు చేసి, కొన్నింటిని హంద్రీ సంగమానికి ఎగువన, కొన్నింటిని దిగువన, కొన్నింటిని బావి నీటి తొట్టిలో ఉంచితే, మూడు నాలుగు వారాల తరువాత కనిపించే తేడా నీటిదేనని ధైర్యంగా చెప్పవచ్చు. బంగారుతీగను ఎంచుకోమనడానికి కారణాలు ఉన్నాయి: అది ఓఈసీడీ జాబితాలో ఉన్న జాతి, మన హేచరీల్లో దొరుకుతుంది, మురికినీటిని కొంత తట్టుకుంటుంది, దాని విటెల్లోజెనిన్‌ను, అంటే ఈస్ట్రోజెన్ ప్రభావాన్ని చూపే నెత్తురు ప్రోటీన్‌ను, కొలిచే కిట్లు దొరుకుతాయి. శీలావతికీ బొచ్చెకూ అదే కిట్ పనిచేస్తుందని అనుకోకండి, ముందుగా పరీక్షించి చూసుకోవాలి.

కంట్రోల్ స్థలం విషయంలో చాలామంది పొరబడతారు. సంగమానికి ఎగువన ఉన్న తుంగభద్ర నీరు శుభ్రమైనదని అనుకోవడానికి వీలు లేదు. ఆ నది కర్ణాటకలో ఎన్నో ఊళ్లను దాటి, మంత్రాలయం మీదుగా మన దగ్గరికి వస్తుంది. అందుకే ఎగువ స్థలాన్ని ‘శుభ్రమైనది’ అని కాకుండా ‘హంద్రీ కలవనిది’ అని మాత్రమే రాయాలి, నిజమైన కంట్రోల్‌గా బావి నీటి తొట్టిని ఉంచుకోవాలి.

పంజరానికి ఉన్న కష్టాలు కూడా చెప్పాలి. మురుగు కలిసే చోట తెల్లవారుజామున కరిగిన ఆక్సిజన్ బాగా పడిపోతుంది. మధ్యాహ్నం కొలిచి బాగుందనుకొని పంజరం దించితే మరునాటికి చేపలు తేలిపోతాయి. కాబట్టి స్థలం ఖాయం చేసుకునే ముందు సూర్యోదయానికి ముందే రెండు మూడు రోజులు కొలిచి చూడండి. పంజరాన్ని ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, దానికి ఆ రేవులో వల వేసేవారితో ముందే మాట్లాడి, ఏం చేస్తున్నామో వివరంగా చెప్పి, వారిలో ఒకరికి కాపలా అప్పగించడం కంటే మంచి ఉపాయం నాకు తెలియదు. వరద నెలల్లో దించవద్దు. జనవరి, ఫిబ్రవరి నెలలు అనుకూలం గాని, బంగారుతీగ ఆ కాలంలోనే గుడ్లకు వస్తుంది కనుక ఆడచేపలను పూర్తిగా వేరు చేయాలి.

ఈ పద్ధతికి మరొక చిన్న చేర్పు చేస్తే తొట్టి పరీక్ష ఇచ్చే సమాచారంలో కొంత భాగం దీనిలోనే దొరుకుతుంది. నాలుగో వారం చివర పంజరపు చేపల్లో సగాన్ని బావి నీటి తొట్టికి మార్చి, రెండు వారాల పాటు మూడు నాలుగు విడతలుగా పరీక్షిస్తే, పదార్థం బయటికి పోయే వేగం తెలుస్తుంది. తొట్టి ఒక్కటే చాలు, పారే నీటిలో హార్మోన్ కలపవలసిన పని లేదు.

చేపలో దేన్ని కొలవాలి?

నానైల్‌ఫినాల్ కోసమైతే కండ, కాలేయం తీసుకోండి, పక్కనే కొవ్వు శాతమూ కొలవండి. ఈస్ట్రోజెన్ల కోసమైతే పైత్యరసం తీసుకోండి. చేప కోసేవారు కూర చేదెక్కకుండా పగలనీయక తీసి పారవేసే ఆ ఆకుపచ్చని చిన్న తిత్తిలోనే మనకు కావలసిన సమాచారం ఉంది. కాలేయపు మడతల మధ్య దాన్ని వేలితో లాగకుండా, సన్నని సూదిని తిత్తి మెడ వైపు నుంచి దించి, మెల్లగా పీలిస్తే ముదురాకుపచ్చ ద్రవం సిరంజిలోకి వస్తుంది. చేప మేత తిన్న వెంటనే ఆ తిత్తి ఖాళీ అవుతుంది, అందుకే ఒకటి రెండు రోజులు పస్తు ఉంచిన తరువాతే కోయాలి. పంజరపు చేపలన్నింటికీ ఈ పస్తు ఒకే విధంగా ఉండాలి. తీసిన పైత్యరసంలో హార్మోన్ జోడింపు రూపంలో ఉంటుంది కాబట్టి, గ్లూకురోనిడేజ్ ఎంజైముతో విడదీసిన తరువాతే కొలవాలి. ఈ మెట్టు వదిలేసి ‘లేదు’ అని రాసిన ఫలితాలకు విలువ లేదు.

‘చేపను ఏం చేసింది?’ అన్న ప్రశ్నకు విటెల్లోజెనిన్‌ను మించినది లేదు. ఇది గుడ్డు పచ్చసొనకు ముడిసరుకైన ప్రోటీన్. ఆడచేప కాలేయంలో తయారై నెత్తురు గుండా అండాశయానికి పోతుంది. మగచేపలోనూ ఆ జన్యువు ఉంటుంది గాని నిద్రపోతూ ఉంటుంది, ఈస్ట్రోజెన్ తాకితేనే లేస్తుంది. అందువల్ల పొట్ట నొక్కితే తెల్లని వీర్యం వచ్చే మగ బంగారుతీగ నెత్తురులో ఈ ప్రోటీన్ పెరిగి కనిపిస్తే, నీటిలో ఈస్ట్రోజెన్ పనిచేస్తోందనడానికి అది చేప స్వయంగా ఇచ్చిన సాక్ష్యం. తోక దగ్గరి సిర నుంచి, నెత్తురు గడ్డకట్టనివ్వని హెపారిన్ పూసిన సిరంజితో నెత్తురు తీసి, ప్రోటీన్ విచ్ఛిన్నం కాకుండా ఆప్రోటినిన్ కలిపి, మంచు మీద ఉంచి ప్లాస్మాను వేరుచేసి, మైనస్ 80 డిగ్రీల వద్ద దాచాలి. కళాశాలలో అటువంటి ఫ్రీజరు లేకపోతే, చేప తేవడానికి ముందే దాన్ని వాడుకోనిచ్చే చోటు మాట్లాడుకోవాలి.

ఈ సాక్ష్యం ఎంత బరువైనదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. కెనడాలోని ప్రయోగ సరస్సుల ప్రాంతంలో 2001 నుంచి 2003 వరకు ఒక సరస్సులో ఇథైనైల్ ఈస్ట్రడయాల్‌ను లీటరుకు 5, 6 నానోగ్రాముల స్థాయిలో ఉండేలా కలిపారు. ముందు మగచేపల్లో విటెల్లోజెనిన్ పెరిగింది, తరువాత వృషణాలు దెబ్బతిన్నాయి, ఆ తరువాత అక్కడి ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్నచేప సంతతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. చేప కండలో ఎంత పేరుకుందో మాత్రమే కొలిచి ఊరుకుంటే ఈ కథ మనకు తెలిసేది కాదు.

కొలిచే సాధనం

నమూనాలోని పదార్థాలను విడదీసి, అణువుల ద్రవ్యరాశిని బట్టి గుర్తించే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ యంత్రం ఏ పదార్థం ఎంత ఉందో విడివిడిగా చెబుతుంది. నిక్కచ్చిగా అంకె కావాలంటే ఇటువంటి యంత్రమే కావాలి. ప్రతిరక్షకాల సాయంతో పదార్థాన్ని పట్టి చూపే ఎలీసా కిట్ చవక, త్వరగా అవుతుంది, అయితే ఒకదానిని పోలిన మరొక హార్మోన్‌ను కూడా పట్టుకొని అంకెను పెంచి చూపవచ్చు. పైత్యరసం వంటి ముదురు ద్రవంలో ఈ పొరపాటు ఇంకా ఎక్కువ. నా సలహా ఏమిటంటే, ప్లాస్మాలో విటెల్లోజెనిన్‌కు ఎలీసా వాడండి, హార్మోన్లకు వాడవద్దు. యంత్రానికి పంపే నమూనాలు తక్కువైనా సరే, వాటిని యంత్రానికే పంపండి.

నీటికి మాత్రం ఈస్ట్ పరీక్ష అనే మరో మంచి దారి ఉంది. మనిషి ఈస్ట్రోజెన్ గ్రాహకపు జన్యువును చేర్చిన ఈస్ట్ కణాలకు నీటి నుంచి తీసిన సారాన్ని అందిస్తే, ఈస్ట్రోజెన్ ఉన్నప్పుడు పసుపుపచ్చని ద్రవం ఎర్రబడుతుంది. ఏ పదార్థమో అది చెప్పదు, అన్నీ కలిసి ఎంత బలంగా పనిచేస్తున్నాయో చెబుతుంది. ఇథైనైల్ ఈస్ట్రడయాల్ లీటరుకు ఒక నానోగ్రాము కంటే తక్కువలోనే చేపను కదిలించగలదు, అది చాలా యంత్రాల చూపుకు అందని స్థాయి. అందుచేత యంత్రం ‘లేదు’ అన్నా చేప నెత్తురు ‘ఉంది’ అంటే, నేను చేపనే నమ్ముతాను.

మేము ఒకప్పుడు చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఇది చెబుతున్నాను. గాజు సామానంతా డిటర్జెంట్‌తో శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, నమూనాలను ఎంతో శ్రద్ధగా సిద్ధం చేశాము. ఫలితాలు వచ్చినప్పుడు చేప ఏదీ లేని ఖాళీ నమూనాలోనే, యంత్రం గీసిన గీతలో నానైల్‌ఫినాల్ శిఖరం చేపల నమూనాల కంటే ఎత్తుగా కనిపించింది. డిటర్జెంటే దానికి మూలం. నెల రోజుల పని పారబోయవలసి వచ్చింది. అప్పటి నుంచి గాజు సామానును ద్రావణితో కడిగి కొలిమిలో కాల్చిన తరువాతే వాడుతున్నాము. ప్లాస్టిక్ గొట్టం, ప్లాస్టిక్ మూత నమూనాకు తగలనివ్వడం లేదు. ప్రతి పది నమూనాలకు ఒక ఖాళీ నమూనా తప్పనిసరి. ఆ రోజు ఆ ఖాళీ నమూనా పెట్టకపోయి ఉంటే, హంద్రీ చేపలో లేనిదాన్ని ఉందని రాసి ఉండేవాళ్లం.

చేపను కోసే ప్రతి ప్రయోగానికీ మీ సంస్థలోని జంతు నైతికతా సంఘం అనుమతి ముందుగా తీసుకోవాలి. లవంగ నూనె వంటి మత్తు ఇచ్చిన తరువాతే నెత్తురు తీయాలి. ఎన్ని చేపలు కావాలో లెక్క కట్టి, అంతకు మించి ఒక్కటి కూడా తీసుకోవద్దు. పైత్యరసం, ప్లాస్మా, కాలేయం, కండ నాలుగూ ఒకే చేప నుంచి వస్తాయి కాబట్టి, తీసిన ప్రతి భాగానికీ చేప సంఖ్య, స్థలం, తేదీ, బరువు, పస్తు ఉన్న గంటలు రాసిన చీటీ అంటించి, కాలేయంలో ఒక ముక్కను విడిగా దాచి ఉంచండి. ఈ రోజు మీరు వెతకని పదార్థాన్ని రేపు వచ్చే విద్యార్థి ఆ ముక్కలో వెతకగలుగుతాడు.